చుక్కాణి ఆఖరి మాట

“మా ఆవిడేం చెయ్యదండీ. ఇంట్లో ఖాళీయే,” అన్నారు మా ఆయన శివప్రసాద్, ఇంటర్నెట్టు పెట్టడానికి వచ్చిన బుచ్చిరాజుగారితో. నేనప్పుడు వాళ్లిద్దరికీ కాఫీ ఇస్తున్నాను. పొద్దున్న ఐదింటి నుంచి అది ఎన్నో పనో నాకే గుర్తులేదు. పెళ్లయిననాటి నుంచీ వింటున్న మాటే కదా అని ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి పోయాను.

అందుకేనేమో, పుణె నుంచి లక్ష్మీదుర్గ మొదటిసారి “ఇప్పుడు నువ్వేం చేస్తావు?” అని అడిగితే కీబోర్డు మీద నా వేళ్లు కదల్లేదు. “కుసుమా, రాజోల్లో కరెంటు పోయిందా?” అని మస్కట్ నుంచి కావ్య. కాకినాడ హాస్టల్లో ఒకే గదిలో ఉన్న ముగ్గురం, 2006 నుంచి శనివారం మధ్యాహ్నాలు కంప్యూటర్లో కలుసుకుని ఆడుకునేవాళ్లం. దుర్గ తన ఆఫీసులో నేర్చుకున్న ఆట అది. దుర్గ కథ చెబుతుంది, ఆ కథలో మనుషులం మేం. ఏం చేస్తామో టైపు చేసి, పాచిక వేసి, పడిన అంకె ఉన్నదున్నట్టు చెప్పాలి. దుర్గ కొరియర్లో పంపిన ఇరవై ముఖాల పాచికని మెంతుల డబ్బాలో దాచుకున్నాను.

ఆటలో నా పేరు చుక్కాణి. ఏ పాయ ఎక్కడ కలుస్తుందో తెలిసిన పడవమనిషిని. రాజోలు బస్టాండు కూడా ఒంటరిగా దాటని నేను, ఏడాదిన్నరలో ఎన్ని నదులు దాటానో! నోటి అలవాటు మాత్రం పోలేదు. దారికడ్డంగా నిలబడ్డ రాక్షసుడితో “కాస్త తప్పుకుంటారా అండీ” అన్నాను. “రాక్షసుడికి కూడా అండీ ఏవిటే!” అని కావ్య వారం రోజులు నవ్వింది.

ఒక శనివారం ఆ రాక్షసుడే మళ్లీ వంతెన మీద ఎదురయ్యాడు. సరిగ్గా అప్పుడే అత్తయ్యగారు పిలిచారు. “అమ్మాయ్, కాళ్లు లాగేస్తున్నాయి, నూనె వెచ్చచేసి తే.” ఆవిడ కాళ్లకి నూనె రాసి వచ్చేసరికి నా కుర్చీలో మా ఆయన ఉన్నారు.

“రాక్షసుడు గద ఎత్తాడు. చుక్కాణీ, ఇప్పుడు నువ్వేం చేస్తావు?” అని తెర మీద దుర్గ. దాని కింద నా పేరుతో, “ఏమీ చెయ్యను.”

“ఆలోచించుకోవే, చచ్చిపోతావు.”

“ఏమీ చెయ్యను.”

చుక్కాణిని నది తీసుకుపోయింది.

“నీ బదులు నేనే ఆడేసేన్లే. పీడా పోయింది. టీ పెట్టు,” అని నవ్వారాయన.

అన్న మాట వెనక్కి తీసుకోకూడదని మా ఆటలో కట్టుబాటు. “ఎందుకే అలా చేశావు?” అని కావ్య అడుగుతూనే ఉంది. అది నేను కాదు, మా ఆయన అని ఒక్క ముక్క రాస్తే చుక్కాణి బతికేదేమో. సిగ్గేసి రాయలేదు. ఆయన పరువు కాపాడ్డానికి దాన్ని నేనే చంపుకున్నాను.

సాయంత్రం దొండకాయలు తరుగుతూ ఏడుస్తుంటే అత్తయ్యగారు కంగారుపడ్డారు. “ఎవరు పోయేరమ్మా?”

ఏమని చెప్పను? ఎవరైనా పోతే ఆ పూట ఇంట్లో పొయ్యి వెలిగించరు. నేను వెలిగించి వంట చేశాను, వడ్డించాను, అంట్లు తోమాను. చుక్కాణి కోసం ఏడవడానికి నాకొక్క పూట కూడా దొరకలేదు.

సోమవారం పొద్దున్న ఆయన స్నానం చేసి వచ్చారు. “కుసుమా, క్యారేజీలోకి ఇవాళేం చేస్తావు?”

నేను వంటింటి గడప మీద కూర్చుని ఉన్నాను. గుప్పిట్లో పాచిక మెంతుల వాసన వేస్తోంది.

“ఏమీ చెయ్యను,” అన్నాను. పెళ్లయ్యాక మొదటిసారి, చివర అండీ లేకుండా.