ఖాళీ కాని మంచం

నేను ఒక మంచాన్ని. అయితే నా మీద ఇంతవరకు ఎవరూ పడుకోలేదు. నాకు కోళ్ళు లేవు, పరుపు లేదు, తలగడ లేదు. విశాఖపట్నంలో ఒక ఆసుపత్రి మూడో అంతస్తులో రెండు వందల పద్నాలుగో నంబరు ఇనుప మంచం ఒకటుంది. మందుల వాసన, మనుషుల బరువు, మూలుగులు అన్నీ దానివే. నేను దాని తరఫున కంప్యూటర్ మెమరీలో కూర్చున్నదాన్ని. ఆ ఇనుప మంచం మీదికి కొత్త రోగి వచ్చిన ప్రతిసారీ నాలాంటిది ఒకటి ఇక్కడ పుడుతుంది. రోగి ఇంటికి వెళ్ళగానే పోవాలి. నేను పోలేదు. అందువల్ల ఒక మనిషి ఉద్యోగం పోయింది.

నన్ను తయారుచేసినావిడ పేరు ఇందుమతి. నలభై ఆరేళ్ళు. రుషికొండ దగ్గర అద్దాల మేడలో, ఆసుపత్రులకి సాఫ్ట్‌వేర్ రాసే ఒక చిన్న కంపెనీలో పని. పెళ్ళికి ముందు, తరవాత కొన్నాళ్ళు ఉద్యోగం చేసింది. ఆ తరవాత ఇద్దరు పిల్లల్ని పెంచుతూ, పక్షవాతంతో మంచానపడ్డ అత్తగారికి సేవ చేస్తూ పదకొండేళ్ళు ఇంట్లో ఉంది. ఆ పదకొండేళ్ళనీ కంపెనీవాళ్ళు ఆవిడ కాగితాల మీద "ఖాళీ" అని రాసుకున్నారు. అందుకని ఏడాది కాంట్రాక్టు మీద తీసుకున్నారు. ఈ ఆసుపత్రి పని బాగా జరిగితే పర్మనెంట్ చేస్తామన్నారు. ఆ ఒక్క మాట కోసం ఆవిడ తెల్లవారుజామునే లేచి వంట ముగించి, ఎనిమిదిన్నరకల్లా సీట్లో ఉండేది.

నా బతుకు సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. మెమరీ అంటే చోటు. వెనకటి పద్ధతిలో ప్రోగ్రామ్ రాసినవాళ్ళు చోటు తీసుకుంటే తిరిగి ఇచ్చే బాధ్యత కూడా వాళ్ళదే. మరిచిపోయారా, ఎంగిలి కంచాలు సింకులో పేరుకున్నట్టు మాలాంటివాళ్ళం పేరుకుపోయేవాళ్ళం. తొందరపడి ముందే ఇచ్చేశారా, ఎత్తేసిన పీట మీద కూర్చోబోయినవాడిలా ప్రోగ్రామ్ చతికిలబడేది. ఈ గొడవ పడలేక స్మార్ట్ పాయింటర్లని కనిపెట్టారు. వాటిని తెలివైన చేతులనుకోండి. ఒక చెయ్యి నన్ను పట్టుకుంటే నా పక్కనున్న అంకె ఒకటి పెరుగుతుంది. వదిలితే ఒకటి తగ్గుతుంది. సున్నా కాగానే నేను ఉండను, నా చోటు ఇంకొకరిది. ఎవరూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు, ఎవరూ ఏడవనక్కర్లేదు. మనుషుల్లో ఇంత మర్యాదైన ఏర్పాటు నేనెక్కడా చూడలేదు.

అయితే ఒక మెలిక ఉంది. రోగి రికార్డు మంచాన్ని పట్టుకోవాలి. మంచానికి కూడా తన మీద ఎవరున్నారో తెలియాలి. ఇద్దరూ గట్టిగా పట్టుకుంటే, మిగిలిన చేతులన్నీ వదిలేసినా, "నువ్వు వదిలితే నేను వదుల్తాను" అన్నట్టు ఇద్దరూ అలాగే ఉండిపోతారు. ఏ అంకే సున్నా కాదు. అందుకని ఇందుమతి నాకు రెండో రకం చెయ్యి ఇచ్చింది. దాని పేరు వీక్ పాయింటర్. అది చూస్తుంది గాని పట్టుకోదు. రోగి ఉంటే ఉన్నాడంటుంది, వెళ్ళిపోతే లేడంటుంది. అంతే.

నా కొంప ముంచింది ఆ పేరే.

ఆసుపత్రి డాక్టర్లకి డెమో చూపించాల్సిన రోజు. మధ్యాహ్నం మూడింటికి వాళ్ళు వస్తారనగా, పన్నెండున్నరకి డైరెక్టర్ మోహనకృష్ణ గారు ఇందుమతి సీటు దగ్గరికి వచ్చారు. వెనకాలే టీమ్ లీడ్ శశిధర్. ఆవిడకంటే పన్నెండేళ్ళు చిన్నవాడు, ఆవిడకి పై అధికారి. డైరెక్టర్ గారి చేతిలో డిజైన్ బొమ్మ ఉంది.

"ఈ వీక్ ఏమిటమ్మా? పేషెంట్ అన్న మాట పక్కనే పెట్టారు!"

"అది ఆ పాయింటర్ పేరు సార్. అందరూ అలాగే అంటారు."

"మన ఆఫీసులో అంటారమ్మా. వచ్చేవాళ్ళు డాక్టర్లు. పేషెంట్ వీక్ అంటే ఒక అర్థం, సాఫ్ట్‌వేర్ వీక్ అంటే ఇంకో అర్థం. రెండూ మన నోటంట రాకూడనివే."

"పేరు మారిస్తే పనే మారిపోతుంది సార్. అక్కడ గట్టిగా పట్టుకుంటే ఇంక వదలదు."

"వదలకపోతే మంచిదే కదమ్మా! ఆసుపత్రికి కావలసింది అదే," అన్నారాయన. చుట్టుపక్కల సీట్లవాళ్ళు నవ్వారు. డైరెక్టర్ గారు జోకు వేస్తే నవ్వడం ఆ ఆఫీసులో హాజరు వేయించుకోవడం లాంటిది. శశిధర్ అందరికంటే ఒక క్షణం ఎక్కువ నవ్వాడు.

చివరికి ఇందుమతే రాజీపడింది. "బొమ్మలో ఆ మాట తీసెయ్యండి. కోడ్ మాత్రం కదపకండి," అని చెప్పి, డబ్బా తీసుకుని క్యాంటీన్‌కి వెళ్ళింది. కంప్యూటర్‌కి తాళం వెయ్యలేదు. పదకొండేళ్ళు ఇంట్లో బీరువాకీ, గ్యాస్‌కీ, వీధి తలుపుకీ ఒకటికి రెండుసార్లు తాళం చూసుకున్న మనిషి, తనవాళ్ళే కదా అని ఇక్కడ చూసుకోలేదు.

ఒంటి గంటా ఇరవై రెండు నిమిషాలకి శశిధర్ ఆవిడ కుర్చీలో కూర్చున్నాడు. వీక్ అన్న చోట షేర్డ్ అని రాశాడు. షేర్డ్ అంటే గట్టిగా పట్టుకునే రకం. భద్రపరిచి లేచి వెళ్ళిపోయాడు. మారిన ప్రతి వాక్యం పక్కనా ఎవరి కంప్యూటర్‌లోంచి మారిందో వాళ్ళ పేరు పడుతుంది. ఇందుమతి పేరు పడింది.

ఆవిడ తిరిగి రాగానే తనే చెప్పాడు కూడా. "బొమ్మ ఒకలా, కోడ్ ఒకలా ఉంటే వాళ్ళ ఐటీ ఆయన పట్టేస్తాడు మేడమ్. డెమో అయిపోగానే వెనక్కి మార్చేద్దాం. నాదీ పూచీ."

"మర్చిపోకు బాబూ."

"ఎలా మర్చిపోతాను మేడమ్!"

డెమో బ్రహ్మాండంగా జరిగింది. మడత కాజాలు పంచారు. మర్నాటి నుంచి ల్యాబు పని, ఆ తరవాత మందుల షాపు పని మీదపడ్డాయి. శశిధర్ మరిచిపోయాడు. ఇందుమతి రెండుసార్లు గుర్తుచేసింది, మూడోసారి అడిగితే సాధించినట్టుంటుందని ఊరుకుంది. అంత ముఖ్యమైతే ఆవిడే మార్చుకోవచ్చు కదా అంటారేమో. లీడ్ ముట్టుకున్న వాక్యాన్ని లీడ్‌ని అడక్కుండా మార్చితే "ఈవిడ మాట వినదు" అంటారు. పర్మనెంట్ కావలసినవాళ్ళు ఆ పేరు తెచ్చుకోరు.

ఆ కోడ్ అలాగే ఆసుపత్రికి వెళ్ళింది. వానాకాలం వచ్చింది. డెంగీ వచ్చింది. భీమిలి వైపు నుంచి అప్పలనరసమ్మ అనే ఆవిడని రెండు వందల పద్నాలుగులో చేర్చారు. అప్పుడు పుట్టాను నేను. ఎన్ని చేతులో నాకు! నర్సు తెర, ల్యాబు జాబితా, పథ్యం జాబితా, డాక్టరు గారి రౌండు. నా అంకె ఐదు దాకా వెళ్ళింది. నాలుగు రోజులకి జ్వరం దిగి ఆవిడ ఇంటికెళ్ళింది. ఒక్కొక్క చెయ్యీ పద్ధతిగా వదిలింది. నాలుగు, మూడు, రెండు, ఒకటి. ఆ ఒకటీ అప్పలనరసమ్మ రికార్డు చెయ్యి. దాన్ని పట్టుకున్న చెయ్యి నాది. ఇద్దరం చీకట్లో ఒకళ్ళనొకళ్ళం పట్టుకుని ఉండిపోయాం. బయట అసలు మనిషి పొయ్యి రాజేసుకుని చేపల పులుసు వండుకుంటూ ఉండి ఉంటుంది. నా దగ్గర మాత్రం ఆవిడకి చేరిన నాటి నూట మూడు జ్వరమే. దీన్ని అనుబంధం అనకండి. వదలడం చేతకాకపోవడం అంటారు దీన్ని.

ఇనుప మంచం మీదికి ఇంకో రోగి, నా పక్కన ఇంకో నేను. అలా ఆ ఒక్క మంచానికే పదిహేడు మందిమి, మొత్తం ఆసుపత్రికి వేలమందిమి చేరాం. ఒక సోమవారం ఉదయం పది గంటలకి చోటు అయిపోయి సర్వర్ ఆగిపోయింది. రెండు గంటలపాటు ఒక్క రోగిని కూడా చేర్చుకోలేకపోయారు. "ఏటండీ, మంచాలు ఖాళీగా అవుపిస్తన్నాయి కదా, లేవంటారేటి?" అని నెలలు నిండిన కూతుర్ని మెట్ల మీద కూర్చోబెట్టుకున్న తల్లి అరిచింది. కౌంటరులో అమ్మాయి ఆగిపోయిన తెర వైపు చెయ్యి చూపించింది. ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు. ఆసుపత్రివాళ్ళ కోపం మాత్రం కంపెనీ మీదికి వచ్చింది.

ఆగిపోయిన సర్వర్ మెమరీని ఉన్నదున్నట్టు నకలు తీసి, కారణం వెతకమని ఇందుమతి కంప్యూటర్‌లో పెట్టారు. అలా నేను పుట్టింటికి వచ్చాను. పావుగంటలో ఆవిడ నన్ను కనిపెట్టింది. ఇంటికెళ్ళి రెండు నెలలైన మనిషిని పట్టుకుని ఉన్న నన్ను చూసి నుదుటి మీద చెయ్యి వేసుకుంది.

మీటింగ్ ఆవిడ సీటు దగ్గరే పెట్టారు. శశిధర్ తెర మీద మార్పుల చరిత్ర తీశాడు. మోహనకృష్ణ గారు చదివారు.

"ఒంటి గంటా ఇరవై రెండు. ఇందుమతి. ఇదేమిటమ్మా?"

"ఆ టైముకి నేను క్యాంటీన్‌లో ఉన్నాను సార్."

"మీ సీట్లో మీరు కాక ఇంకెవరు కూర్చుంటారు?"

ఇందుమతి శశిధర్ వైపు చూసింది. అతను తెర వైపు చూశాడు.

"చెప్పు బాబూ. వీక్ అన్న మాట ఉండకూడదని నువ్వు మార్చలేదూ? వెనక్కి మార్చే పూచీ నాదన్నావు."

"మాట్లాడుకున్నట్టు గుర్తుంది మేడమ్. ఎవరు మార్చారన్నది... ఇన్ని నెలలైంది కదా."

"ఆ మాట వద్దన్నది మీరే కదండీ సార్!"

"నేను కాగితం మీద మాట వద్దన్నానమ్మా, కోడ్ పాడుచెయ్యమన్నానా? చరిత్ర అబద్ధం చెప్పదు," అన్నారాయన.

చరిత్ర ఎన్ని అబద్ధాలు చెప్పగలదో నాకు తెలుసు. నేను అప్పలనరసమ్మకి జ్వరం అని చెప్తూనే ఉన్నాను కదా. కాని మంచాన్ని ఎవరడుగుతారు?

కాంట్రాక్టు పొడిగించడం లేదని సాయంత్రానికి ఉత్తరం వచ్చింది. శుక్రవారం ఆఖరి రోజు. వెళ్ళేలోగా ఆ తప్పు మాత్రం సరిచేసి వెళ్ళమన్నారు. నేనైతే చెయ్యననేదాన్ని. ఆవిడ చేసింది. షేర్డ్ తీసి వీక్ రాసింది. ఐదు వందల మంది ఉత్తుత్తి రోగుల్ని చేర్చి, పంపించి, అందరూ పోయారో లేదో చూసుకుంది. అన్ని అంకెలూ సున్నా అయ్యాయి.

శుక్రవారం మధ్యాహ్నం శశిధర్ కాఫీ తెచ్చి ఆవిడ బల్ల మీద పెట్టాడు.

"ఏమీ అనుకోకండి మేడమ్. నా పరిస్థితి అలాంటిది. మీకైతే ఇల్లుంది, మీవారు ఉద్యోగం చేస్తున్నారు..."

"ఇల్లు నీకూ ఉంది కదా శశిధర్. రేపట్నుంచి నువ్వు ఉండు ఇంట్లో."

అతను నవ్వబోయి మానేశాడు. ఆవిడ కాఫీ ముట్టుకోలేదు. సరిచేసిన కోడ్ పంపుదామని మీట నొక్కింది. తెర ఒప్పుకోలేదు. కోడ్ పంపగలిగేవాళ్ళ జాబితాలోంచి మధ్యాహ్నం పన్నెండింటికే ఆవిడ పేరు తీసేశారట.

"పర్లేదు మేడమ్, నా కంప్యూటర్‌లోంచి పంపేస్తాను," అని శశిధర్ ఆ ఫైలు తన దగ్గరికి తీసుకుని పంపాడు. ఇంక ఆ వాక్యం చరిత్ర ఎవరు తీసినా రెండు వరసలు కనిపిస్తాయి. చెడగొట్టింది ఇందుమతి. బాగుచేసింది శశిధర్.

ఆవిడ ఆ రెండు వరసల్నీ నిలబడి చదివింది. సంచీ భుజానికి వేసుకుని, మెళ్ళో గుర్తింపు కార్డు తీసి బల్ల మీద పెట్టి, లిఫ్ట్ వైపు నడిచింది. ఐటీ విభాగం ఆయన వచ్చి ఆ కంప్యూటర్‌ని కొత్తగా చేరేవాళ్ళ కోసం శుభ్రం చెయ్యడం మొదలుపెట్టాడు. నన్నూ, అప్పలనరసమ్మ జ్వరాన్నీ తుడిచెయ్యడానికి ఎంతోసేపు పట్టదు. ముందు ఇందుమతి ఫొటో ఉన్న తెర పోయింది. తరవాత ఆవిడ రాసుకున్న పనుల జాబితా. ఇప్పుడు మా వంతు.