తేలికైనవాడి చోటు

మునికృష్ణ ఓడలో వంటవాడు. తొమ్మిది నెలలు నడి సముద్రంలో సాంబారు కలిపి, ఆ తెల్లవారే మీనంబాక్కంలో విమానం దిగాడు. ఇంటికి పోలేదు. పెట్టె ఆటోలో పడేసి, నేరుగా ముట్టుకాడు పొమ్మన్నాడు. అక్కడ ఏటేటా ఏటిలో జరిగే పడవ పందేల పండగ ఆవేళే.

"ఆడ తెడ్డు గిన్నెలో, ఈడ తెడ్డు నీళ్ళలో. మొత్తానికి తెడ్డు బతుకప్పా నాది," అని దారి పొడుగునా చెబుతూనే ఉన్నాడు. ఆటోవాడికి అరవమే గాని తెలుగు రాదు. మునికృష్ణకి అదెప్పుడూ అడ్డం కాలేదు. వాళ్ళ మాధవరంలో అతను వీధి మొదట్లో నవ్వితే వీధి చివర కుక్క లేచేది.

మాధవరం మిత్రులంటే అతని జట్టు. వాళ్ళది పొడుగాటి డ్రాగన్ బోటు. అయిదు బెంచీలు, బెంచీకి ఇద్దరు. వెనక నిలబడి చుక్కాని పట్టేది కస్తూరి. ముందు కొనలో ఒకరు జట్టుకి ఎదురుగా మొహం పెట్టి డ్రమ్ము వాయించాలి. ఆ దెబ్బకి తెడ్లన్నీ ఒక్కసారే మునగాలి. తెడ్డు వెయ్యని మనిషి పడవకి ఊరికే బరువు కాబట్టి, జట్టులో అందరికంటే తేలికైనవాళ్ళనే అక్కడ కూచోబెడతారు. కొన్నేళ్ళుగా అది కస్తూరి కూతురు కార్తీక చోటు. మొదటి బెంచీ మునికృష్ణదీ యతిరాజులుదీ. యతిరాజులు పడవలో కాలు పెడితే నీళ్ళు అంచు దాకా వచ్చేవి. "ఈ పక్క ముని, ఆ పక్క మునక," అని మునికృష్ణ ప్రతి ఏడూ అనేవాడు. ప్రతి ఏడూ అందరూ నవ్వేవాళ్ళు.

"ఏడరా మన గజేంద్రుడు? మొసలి పట్టిందా ఏంది?" అని ఒడ్డు మీంచే కేక పెట్టాడు.

ఎవరూ నవ్వలేదు. కస్తూరి లైఫ్ జాకెట్ ముడి వేసుకుంటూ, తలెత్తకుండా, "పడవలో ఉండాడు, పో," అంది.

మొదటి బెంచీలో కార్తీక కూచుని ఉంది, చేతిలో తెడ్డుతో. బరువు సరిపెట్టడానికి ఆమె కాళ్ళ దగ్గర నీళ్ళ క్యాను కట్టారు. డ్రమ్ము దగ్గర ఎవరో ముసలాయన. జాకెట్ పట్టీ ఆఖరు దాకా లాగి బిగించినా ఇంకా వదులుగానే వేలాడుతోంది.

"ఏందిరా ఓడోడా, వచ్చేసినావా?" అన్నాడు ముసలాయన.

గొంతు యతిరాజులుది. అదొక్కటే మిగిలింది అతనిది.

"ఏందిరా ఇట్ట చిక్కినావు?"

"నేనేడ చిక్కినా? అదే నన్ను చిక్కించుకునింది. కడుపులో గడ్డ. గట్టెక్కేది కాదన్నారు."

మునికృష్ణ కస్తూరి వైపు తిరిగాడు. "ఒక్కరన్నా చెప్పలేదేమక్కా!"

"వాడే వద్దన్నాడు. నడి సముద్రంలో వాడేం చేస్తాడు, సాంబారులో ఏడస్తాడా అన్నాడు."

"ఉప్పు ఎక్కువైపోద్ది గదా," అన్నాడు యతిరాజులు.

"మరి వీణ్ణి ఈడెందుకు కూచోబెట్టినారు?"

"తూకం వేసినాం మునీ," అంది కస్తూరి. "ఇప్పుడు వాడే తేలిక."

మునికృష్ణ పడవెక్కి కార్తీక పక్కన కూచుని తెడ్డు అందుకున్నాడు. యతిరాజులు డ్రమ్ము మీదికి వంగి పిలిచాడు.

"చెవి ఇట్ట పడెయ్. సగం దూరం దాకా వాయిస్తా. ఆ పైన చెయ్యి పడిపోద్ది. పడిపోయిందో, నువ్వు నోటితో ఎత్తుకో. మన అరవ లెక్కే, ఒణ్ణు, రెండు, ఒణ్ణు, రెండు. దెబ్బ తప్పకూడదు. నా వల్ల పడవ ఆగిందని ఒడ్డు మీద ఒక్కడు అనుకోకూడదు. ఒక్కడు అయ్యో అనకూడదు. అరుస్తావా?"

"అరిచేదానికి నన్ను అడగాలా? నా గొంతు మనలి ఫ్యాక్టరీ సైరను గదరా!"

"అందుకే నిన్ను అడిగేది."

నాలుగు పడవలు కదిలాయి. యతిరాజులు బాగానే వాయించాడు. చేతి గడియారం మోచేతి దాకా జారుతోంది, మళ్ళీ మణికట్టుకి వస్తోంది, మళ్ళీ జారుతోంది. మునికృష్ణకి వేరే ఏమీ కనబడలేదు. సగం దూరానికి గుర్తుగా కట్టిన ఎర్ర బుడగ దాటేసరికి వాళ్ళది రెండో పడవ.

దెబ్బ పలచబడింది. తర్వాత కర్ర డ్రమ్ము మీద వాలింది, చప్పుడు లేకుండా. మళ్ళీ లేవలేదు. యతిరాజులు మునికృష్ణ కళ్ళలోకి చూశాడు.

మునికృష్ణ నోరు తెరిచాడు. ఆ నోరు మూయించడం నలభై ఎనిమిదేళ్ళుగా ఎవరి వల్లా కాలేదు. ఇప్పుడు దాంట్లోంచి గాలి కూడా రాలేదు. తను 'ఒణ్ణు' అన్నాడంటే, ఆ చెయ్యి పనైపోయిందని ఊరందరికీ తనే చాటించినట్టు. కర్ర వైపే చూస్తూ ఉండిపోయాడు. లేస్తుంది, ఒక్కసారి లేస్తుంది.

వెనక తెడ్డుకి తెడ్డు తగిలింది. ఎవరో తిట్టారు. "అరవరా మునీ!" అని కస్తూరి గొంతు చించుకుంది. పడవ పక్కకి తిరిగింది. మూడో పడవ నీళ్ళు చిమ్ముకుంటూ దాటిపోయింది, దాని వెనకే నాలుగోది.

"ఒణ్ణు!"

యతిరాజులు. రెండు చేతులా డ్రమ్ము పట్టుకుని, మెడ నరాలు తేలి. చాలాసేపటికి "రెండు!" మళ్ళీ ఊపిరి కోసం వెతుక్కుని "ఒణ్ణు!" తెడ్లు ఆ గొంతు చుట్టూ చేరాయి. అతనికి ఎంత ఊపిరి ఉందో పడవ అంతే కదిలింది.

ఆఖరున చేరారు. ఒడ్డు మీద జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. గెలిచిన పడవకి కూడా అన్ని కొట్టలేదు. "అయ్యో పావం," అంటోంది ఎవరో అమ్మ, పక్కావిడతో.

యతిరాజులుని మునికృష్ణ ఒక్కడే ఎత్తి ఒడ్డున ప్లాస్టిక్ కుర్చీలో కూచోబెట్టాడు. ఒక్కడికే సులువైపోయింది. కార్తీక సోడా తెచ్చి పక్కన పెట్టింది. ఎవరూ తాగలేదు.

"ఓడ దిగొచ్చి ఓడించినావు గదరా," అన్నాడు యతిరాజులు. మాట బాగుంది. వేరే ఎప్పుడైనా అయితే మునికృష్ణ దానికి నాలుగు జతలు కట్టేవాడు.

"యతీ, వచ్చే ఏడు..." అన్నాడు.

యతిరాజులు ఇంకా చేతిలోనే ఉన్న కర్రని అతని ఒళ్ళో పడేశాడు. చెమటకి తడిసి ఉంది.

"వచ్చే ఏడు నువ్వే వాయించు. నోరు లేనోడు దానికే పనికొస్తాడు."