చెట్టుకు కట్టిన మూట

ఆరో రోజు తెల్లవారుతుండగా కూర్మయ్య కూలీల లైను ఇళ్ళ చివరనున్న పనస చెట్టు దగ్గరికి వెళ్ళాడు. కొమ్మకు వేలాడుతున్న తెల్లగుడ్డ మూట మీద చెయ్యి వెయ్యబోతుంటే వెనకనుంచి నూకమ్మ వచ్చి అడ్డం నిలబడింది.

"నువ్వు ముట్టుకోకు బావా. నాను ఇప్పుతాను" అంది.

ఆ మూటలో ఉన్నవి కూర్మయ్య తమ్ముడు అప్పడి ఎముకలు. నూకమ్మ అప్పడి పెళ్ళాం. ఎముకలను ఇంట్లోకి తేకూడదు, కప్పు కింద పెట్టకూడదు, నేలమీద దించకూడదు. నీళ్ళలో కలిపేదాకా చెట్టుకు వేలాడాల్సిందే. ఆ కలపడం కూడా పదో రోజు లోపల జరగాలి. శ్రీకాకుళం వైపు పల్లెల్లో ఎలా చేసేవారో, సముద్రం దాటొచ్చి మలయాలో, సుంగై సిపుట్ రబ్బరు తోటలోనూ అలాగే చేస్తున్నారు. దేశం మారితే చెట్టు మారుతుంది గాని చావు మారుతుందా?

అది పంతొమ్మిది వందల పద్దెనిమిదో సంవత్సరం. దీపావళి ముందు వచ్చిన జ్వరం తోటలో లైనుకి నలుగురైదుగురిని పట్టుకుపోయింది. పొద్దున రబ్బరు చెట్టు గీసినవాడు సాయంత్రానికి లేడు. పాలు తీసే పని ఆగిపోయింది కాబట్టే కూలీలను నడిపే కంగాణీ వీళ్ళకి సెలవిచ్చాడు. లేకపోతే ఇచ్చేవాడా!

అప్పడి కోరిక ఒక్కటే. ఆరేళ్ళ క్రితం అన్నదమ్ములు క్లాంగ్ రేవులో ఓడ దిగినప్పుడు, అప్పడు వెనక్కి తిరిగి నీళ్ళకేసి చూస్తూ, "అన్నా, ఈ నీరే గదా మన భీమిలి దాకా ఎల్తాది? నాను ఇక్కడ సచ్చిపోతే ఇందులోనే ఎయ్యి" అన్నాడు. అందరూ నవ్వారు. కూర్మయ్య కూడా నవ్వి, సరేనన్నాడు. తమ్ముడిని ఓడెక్కించింది తనే. అలాంటప్పుడు ఆ ఒక్కమాటైనా నిలబెట్టుకోకపోతే ఇంక తను మనిషెందుకు?

కాని కూర్మయ్య కడుపులో ఇంకో సంగతి ఉంది. అది నూకమ్మకి తెలియదు.

అప్పడు పోయిన రోజే ఆసుపత్రి కొట్టంలో కొత్తగా వచ్చిన తమిళాయన ఒకడు పోయాడు. పొద్దు గుంకేలోగా ఇద్దరినీ కాల్చెయ్యమని చెప్పారు. చుట్టూ అడవే గాని, చెట్టు కొట్టే చేతులే లేవు. ఉన్న కట్టెలు ఒక్క చితికే సరిపోయాయి. ఇద్దరినీ పక్కపక్కన పడుకోబెట్టి కూర్మయ్యే నిప్పు పెట్టాడు. మూడో రోజు ఏరడానికి వెళ్తే చితి మధ్యకి కూలి అంతా ఒకే కుప్పయి ఉంది. పాదాల దగ్గర మొదలుపెట్టి తలదాకా వరసగా ఏరాలి. ఏరాడు. ఎవరి పాదమో, ఎవరి తలో ఆ దేవుడికే తెలియాలి.

అంతవరకూ ఖర్మ అనుకోవచ్చు. ఆ తరవాత చేసింది మాత్రం అచ్చంగా కూర్మయ్య చేసిందే. వచ్చే దారిలో తమిళాయన పెళ్ళాం జ్వరంతో లేవలేక గుమ్మానికి ఆనుకుని కూర్చుని ఉంది. బక్కపలచని మనిషి, ముంజేతి నిండా పచ్చబొట్టు. "ఏదావదు మిచ్చం ఇరుక్కా, అణ్ణే?" అని అడిగింది. ఏమైనా మిగిలిందా అన్నా అని. కూర్మయ్య మూటని తువ్వాలు కింద దాచుకుని, ఏమీ మిగల్లేదని తల అడ్డంగా ఊపాడు. మిగిలిందంటే పంచాలి. పంచితే ఎముకలు కలిసిపోయాయని నూకమ్మకి తెలుస్తుంది. పైగా తమ్ముడిని పరాయి మనిషి చేతికి ఇచ్చేసినట్టవుతుందేమోనని భయం. ఆమె మళ్ళీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండునని అప్పటినుంచి కూర్మయ్య వెయ్యిసార్లు అనుకున్నాడు.

ఇపో పట్నం దాకా తోట బండిలో వెళ్ళారు. రబ్బరు రేకులు తీసుకుపోయే ఎడ్లబండి అది. బతికున్నప్పుడు ఆ బండి తోలింది అప్పడే. వారానికోసారి ఇపో వెళ్ళొచ్చి తను చూసినవన్నీ చెప్పేవాడు. నూకమ్మ మాత్రం ఆరేళ్ళలో తోట గేటు దాటలేదు. ఎప్పుడు అడిగినా "వచ్చే నెల తీసికెల్తాను" అనేవాడు. ఇప్పుడు ఆమె బండి కర్రకి మూట కట్టి, పక్కనే కూర్చుని, కనిపించినవన్నీ మూటకి చెప్పడం మొదలుపెట్టింది.

"సూడయ్యా, నువ్వు సెప్పిన తెల్లకొండలు ఇయ్యేనా?"

అవే. ఇపో చుట్టూ నేలలోంచి నిటారుగా లేచిన సున్నపురాతి కొండలు. పక్కలు గోడలా తెల్లగా ఉంటాయి, నెత్తిమీద మాత్రం అడవి. పొద్దుటి మంచు నడుములు చుట్టుకుని ఉంటే, కొండలు నేలకి తగలకుండా నిలబడ్డట్టున్నాయి. కూర్మయ్య కూడా అంత దగ్గరగా చూడటం అదే మొదలు. వేరే రోజైతే నోరు తెరుచుకుని చూసేవాడు. ఆవేళ నూకమ్మ "సూడయ్యా" అన్నప్పుడల్లా తల తిప్పుకున్నాడు.

ఒక కొండ కింద వాగు దగ్గర ఎడ్లకి నీళ్ళు పెట్టడానికి బండి ఆగింది. కొండలో పెద్ద గుహ, లోపల చీనావాళ్ళ గుడి. ఎర్ర కాగితాలు, కొవ్వొత్తులు, రాతిలోంచి బొట్టుబొట్టుగా కారే నీళ్ళు. నూకమ్మకి లోపల చూడాలని ఉంది. మూటతో గుడిలోకి వెళ్ళకూడదు. ఎదురుగా ఉన్న రంబుటాన్ చెట్టుకి మూట కట్టి, వాకిట్లోనే నిలబడి దణ్ణం పెట్టింది. గుడి చూసుకునే చీనా ముసలాయన బయటికొచ్చి మూటకేసి, ఇద్దరి మొహాలకేసి చూశాడు. భాష తెలియదు, అడగనూ లేదు. గుప్పెడు అగరొత్తులు వెలిగించి తెచ్చి చెట్టు మొదట్లో గుచ్చి, రెండు చేతులూ జోడించి మూడుసార్లు వంగాడు. ఎవరికోసం మొక్కుతున్నాడో ఆయనకి అక్కర్లేదు. కూర్మయ్యకి అక్కడ నిలబడటానికి మొహం చెల్లక వాగు దగ్గరికి వెళ్ళి మొహం కడుక్కున్నాడు.

ఇపోలో రైలెక్కారు. రైలుపెట్టెకి కప్పు ఉంది కదా! నూకమ్మ కాసేపు ఆలోచించి, మూటని కిటికీ ఊచకి బయటివైపు కట్టి, జారిపోకుండా దారి పొడుగునా ముడి పట్టుకుని కూర్చుంది. బయట తగరం గనులు, ఎత్తైన కర్ర కాలువల్లోంచి దూకే ఎర్రనీళ్ళు. నడుంలోతు వాగులో నిలబడి, పెద్ద పెద్ద టోపీలు పెట్టుకుని కర్రపళ్ళేల్లో ఇసక జల్లిస్తున్న చీనా ఆడవాళ్ళు. ఆ తరవాత గంటల తరబడి అడవి. చెట్టు మీద చెట్టు పెరిగినట్టు, ఆకాశం కనపడని అడవి. అన్నీ చెప్పింది. గొంతు బొంగురుపోయినా చెప్పింది.

టిక్కెట్లు చూసే ఆయన వచ్చి, బయట వేలాడుతున్నది ఏమిటని తమిళంలో అడిగాడు.

"మా ఆయన" అంది నూకమ్మ.

ఆయనకి అర్థమైంది. టోపీ తీసి ఒక్క క్షణం నిలబడి, ముందుకి సాగిపోయాడు. ఇందులో ఇంకొకాయన కూడా ఉన్నాడని చెప్పబోయి కూర్మయ్య మళ్ళీ తల తిప్పుకున్నాడు.

కోలాలంపూరు స్టేషన్ రాజుగారి కోటలా ఉంది, బయట ఎన్ని గుమ్మటాలో. రెండు నదులు కలిసేచోట ఉన్న మసీదు చూసి, "ఇక్కడా రెండు నీళ్ళు కలిసినాయి బావా, మన సంగం లాగ" అని మురిసింది నూకమ్మ. ఆరు రోజుల్లో ఆమె మొహంలో కాస్త వెలుగు కనపడటం అదే మొదటిసారి. ఇప్పుడు చెప్పి ఆ వెలుగు ఆర్పెయ్యాలా? నీళ్ళలో కలిపాక చెప్పొచ్చులే అనుకున్నాడు. కలిపాక చెప్పి ఏం లాభం అని కూడా అనుకున్నాడు. ఇలాంటి లెక్కలు వేసుకునేవాడు చివరికి ఏదీ చెప్పడు.

మర్నాడు పొద్దున్నే క్లాంగ్ రైల్లో రేవుకి చేరారు. దొరలు దానికి పోర్ట్ స్వెట్టెన్‌హామ్ అని నోరు తిరగని పేరు పెట్టుకున్నారు. ఒడ్డున మడచెట్లు, బురదలో వేళ్ళు, ఆవల బూడిదరంగు నీళ్ళు. నూకమ్మ ఆ నీళ్ళు చూడగానే ఏడ్చింది. ఒక మలాయ్ ముసలాయన చిన్న పడవలో ఎక్కించుకుని కాలువ దాటించి, నీరు విశాలమైన చోటికి తీసుకెళ్ళాడు. "ఆయిర్ సురుత్ లా" అంటూ చేత్తో సముద్రంకేసి చూపించాడు. నీరు వెనక్కి తీస్తోంది, ఇప్పుడు వదిలింది నేరుగా పెద్దనీటిలోకి పోతుంది అని. ఇంతకంటే మంచి గడియ ఏముంటుంది?

పద్ధతి ప్రకారం ఇంటికి పెద్దవాడు పోయినవాడి పేరు మూడుసార్లు పిలిచి, వెళ్ళిరమ్మని చెప్పాలి. అప్పుడు మూట విప్పాలి. పేరు పిలవకుండా వదిలితే దారి తెలియక నీళ్ళ మీదే తిరుగుతాడని వాళ్ళ నమ్మకం. కూర్మయ్య పడవలో లేచి నిలబడ్డాడు.

"బోనెల అప్పడూ! ఎల్లిరా నాయినా!"

రెండోసారి పిలిచాడు. నూకమ్మ వేళ్ళు ముడి మీద ఉన్నాయి. మూడోసారి పిలవబోయి ఆగిపోయాడు. ఒకడిని మూడుసార్లు పిలుస్తున్నాడు, పక్కనున్నవాడిని పిలవడానికి పేరైనా తెలియదు. తమ్ముడి పెళ్ళాన్ని ముట్టుకోకూడదని కూడా మరిచిపోయి వంగి ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"ఇప్పకు నూకమ్మా."

"ఏటి బావా?"

చెప్పాడు. కట్టెల సంగతి, కుప్ప సంగతి, గుమ్మంలో ఆడమనిషి సంగతి. ఆమె మొహంకేసి చూడలేక పడవ అడుగున చేరిన నీళ్ళకేసి చూస్తూ చెప్పాడు.

"అయితే ఇందులో మా ఆయన నేడేటి?" అంది నూకమ్మ, మూటని గుండెకి హత్తుకుని.

"ఉన్నాడు. ఆడొక్కడే కాదు."

పడవ తనంతట తనే కొంచెం కొంచెం సముద్రం వైపు జరుగుతోంది.

"ఆవిడ అడిగిందా?"

"అడిగింది."

"నువ్వేటి సెప్పినావు?"

"ఏటీ మిగల్నేదని తల ఊపినాను."

"ఆ మనిషి పేరేటి?"

"తెల్దు."

"తెల్దా?" ఆమె గొంతు మొదటిసారి పైకి లేచింది. "నిప్పెట్టినావు. ఏరినావు. మూట కట్టినావు. ఇంత దూరం తెచ్చినావు. పేరు అడగనేదా బావా?"

"అడగనేదు."

నూకమ్మ మూట ముడిని ఇంకోసారి బిగించింది. పళ్ళతో లాగి మరీ బిగించింది.

"నన్ను మోసం సేసినావు. దానికి తరవాత ఏడుత్తాను. నాకు ఏడవడానికి ఈ మూటైనా ఉంది. ఆవిడకేటుంది? పడవ తిప్పమను."

"పదో దినం దాటిపోతాది నూకమ్మా. అప్పడి మాట..."

"దాటనీ. మాయాయన బండి తోలినోడు. దారిలో ఎవలు సెయ్యెత్తినా ఎక్కించుకునేవోడు. పక్కనున్నోడిని వదిలేసి తనొక్కడే ఎల్తాడేటి?"

కూర్మయ్యకి ఏడుపు ఆగలేదు. తమ్ముడు పోయిననాడు చితి పేర్చే హడావిడిలో ఏడవలేదు. అప్పటిదంతా ఇప్పుడొచ్చింది. ఏడుస్తూనే చేత్తో ఒడ్డు చూపించాడు. మలాయ్ ముసలాయన నీళ్ళకేసి, మూటకేసి చూసి, ఎదురునీటిలో తెడ్డు వేశాడు.

తిరుగు రైల్లో నూకమ్మ కూర్మయ్యతో ఒక్కమాట మాట్లాడలేదు. మూటని మాత్రం మళ్ళీ కిటికీ బయటే కట్టింది. కోలాలంపూరు గుమ్మటాలు దాటాయి, అడవి దాటింది, ఎర్రనీళ్ళ గనులు వచ్చాయి. అప్పుడు మెల్లగా మూటవైపు వంగి, "ఇద్దరూ సూడండయ్యా" అంది. తెల్లకొండలు కనపడ్డప్పుడు కూర్మయ్య ఈసారి తల తిప్పుకోలేదు.

తోటకి చేరేసరికి తొమ్మిదో రోజు పొద్దెక్కింది. ఆ తమిళామె బతికే ఉంది. జ్వరం తగ్గి, గుమ్మంలో అదేచోట కూర్చుని గంజి తాగుతోంది. నూకమ్మ ఆ ఇంటి ముందున్న మునగచెట్టుకి మూట కట్టింది. కూర్మయ్య వాకిట్లో నేలమీద కూర్చుని, వచ్చిన తమిళంలో, రానిచోట తెలుగులో, అంతా చెప్పాడు. నేను అబద్ధం ఆడానమ్మా అన్నాడు. కొడితే పడదామనే కూర్చున్నాడు.

ఆమె కొట్టలేదు, తిట్టలేదు. గంజి ముంత కింద పెట్టి, గోడ పట్టుకుని లేచి, చెట్టు దాకా నడిచి, వేలాడుతున్న మూటకి నుదురు ఆనించి నిలబడింది. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

"ఆయన పేరేటమ్మా?" అడిగింది నూకమ్మ.

మొగుడి పేరు పలకకూడదు కదా, ఆమె ఒక్క క్షణం తటపటాయించింది. ఆ పద్ధతి ఆమెకీ ఉంది. తరవాత మూటతోనే చెబుతున్నట్టు, "సడైయన్" అంది.

సడైయన్. కూర్మయ్య పెదవుల్లోనే ఒకసారి, రెండోసారి, మూడోసారి అనుకున్నాడు, నీళ్ళ దగ్గర నోరు తడబడకుండా.

నూకమ్మ చెట్టు దగ్గరికి వెళ్ళింది. ఇన్నాళ్ళూ సొంత బావని కూడా ముట్టుకోనివ్వని ముడిని కొమ్మ మీంచి తనే విప్పి, పచ్చబొట్టు ఉన్న ఆ చేతుల్లో మూట పెట్టింది.

"ఒళ్ళు కుదుటపడ్డాక ముగ్గురం ఎల్దాం" అంది. "అందాకా నువ్వు పట్టుకో అక్కా."