అరవై దినాల పని

పొద్దున ఏడింటికి ట్రాక్టరులో తెచ్చి దించిన నలభై మంది ఆడవాళ్ళు పదకొండయినా ఎండిన వాగు లాంటి వంక గట్టున ఖాళీ గంపలు పట్టుకుని నిలబడే ఉన్నారు. సోమల ఊరి దగ్గర ఆ వంకకు అడ్డంగా కొత్త మట్టికట్ట లేచింది. కట్టింది ఊరివాళ్ళని కాగితాలు చెబుతున్నాయి. మట్టి తవ్వే ప్రొక్లెయిన్ మిషన్ ఆరు దినాల్లో కట్టిందని ఊళ్ళో కుక్కలకు కూడా తెలుసు.

కరువు పనులకు మిషన్ పెట్టకూడదు. కూలి కింద మనిషికి దినానికి అయిదు కిలోల బియ్యం ఇవ్వాలి. కాంట్రాక్టరు కదిరప్ప వీళ్ళంతా అరవై దినాలు పనికి వచ్చినట్టు మస్టరులో హాజరు రాసి, ఆ బియ్యం లారీలను కర్ణాటక సరిహద్దు దాటించాడు. ఈ రోజు అప్పులిచ్చే విదేశీ బ్యాంకు వాళ్ళు సంస్కరణలు చూడటానికి వస్తున్నారు.

“మేమే తవ్వుకొన్నాం, కడుపు నిండా తింటాండాం అని సెప్పండి. తలకు పది కిలోలు ఇస్తా,” అన్నాడు కదిరప్ప.

ఆ ఆడవాళ్ళలో నిలబడ్డ తిమ్మక్కకు ఇంట్లో కోడలు శారదమ్మ ఉంది, ఆమెకు ఎనిమిదో నెల. రెండు దినాలుగా పలచటి అంబలి తప్ప మరేమీ లేదు. బెంగళూరుకు మట్టిపనికి పోయిన కొడుకు నుంచి మూడు నెలలుగా కబురు లేదు. ఇంటికి పది కిలోలు అత్యవసరం. అబద్ధానికి ఇంత ధర పలుకుతున్నందుకు తిమ్మక్కకు నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది.

కార్లు వచ్చాయి. ప్రభుత్వం మీద ఆధారపడే రోజులు పోయాయని అధికారి మైకులో చెప్పాడు. ఆ ఒక్క మాట మాత్రం నిజమే. టోపీ పెట్టుకున్న దొరసాని ఒకామె తిమ్మక్క చేయి పట్టుకుని అరచేయి తిప్పి చూసింది. కాయలు కాచి పగుళ్ళిచ్చిన చేయి. దొరసాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ చేతికి ఫోటో తీయించింది.

తిమ్మక్కకు ఒళ్ళు మండింది.

“ఈ కాయలు ఈడ కాసినవి కాదమ్మా. పుంగనూరు మండీకి చింతపండు కొట్టి కాసినాయి, కిలోకి రూపాయిన్నర. ఈడ మాకు పనే ఇయ్యలేదు. అంతా మిషన్ తవ్విండాది.”

దొరసాని పక్కనున్న దుబాసీ గొంతు సవరించుకుని ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. దొరలంతా చప్పట్లు కొట్టారు.

“ఏం సెప్పితివప్పా?” అంది తిమ్మక్క.

“నీ కష్టం దేశానికే ఆదర్శమని చెప్పానమ్మా,” అన్నాడతను, ఆమె మొహం చూడకుండా.

కార్లు వెళ్ళిపోయాయి. కదిరప్ప కోప్పడలేదు. బియ్యం సంచులు దింపించి, మస్టరు, ఇంకు ప్యాడు తెచ్చాడు.

“రా తిమ్మక్కా. యేలిముద్ర ఎయ్యి, సంచి ఎత్తుకో.”

ఆమె పిడికిలి బిగించింది. “నేను ఎయ్యను.”

“యాల ఎయ్యవు?”

“ఆ అరవై దినాలూ నా కోడలు పస్తులుండాదప్పా.”

కదిరప్ప నవ్వి, వెనకున్న పక్కింటి ఈశ్వరమ్మను పిలిచాడు. “ఆమె పేరుకాడ నువ్వెయ్యమ్మా. యేలిముద్రకు మొగం ఉండాదా?”

ఈశ్వరమ్మ తల వంచుకుని తన పేరెదుటా వేసింది, తిమ్మక్క పేరెదుటా వేసింది. సంచి మీద సంచి పెట్టి నెత్తికెత్తుకుంది.

తిరిగి పోవడానికి ట్రాక్టరు రాలేదు. దారిలో ఈశ్వరమ్మ గొంతు తగ్గించి అంది: “నీ సంచి నీ గడపకాడ దించి పోతాలే అక్కా. కడుపుతో ఉండే పిల్ల ఉండాది.”

తిమ్మక్క ఒకసారి కాదనగలిగింది. రెండోసారి ఆ మాట నోట్లోంచి రాలేదు.