తొలి పేరు పలికిన నిమిషం

తొమ్మిదీ పది అయింది. టీచరు నోట ఇంకా ఒక్క పేరూ రాలేదు. చివరి వరుసలో కూర్చున్న వెర్నా కొసిన్‌స్కీ ఆ సంగతి కాగితం మీద రాసుకుంది. దంతవైద్య సహాయకుల క్లాసు అది. కొత్తగా చేరిన టీచరమ్మ తెరవైపు తిరిగి తెరకే పాఠం చెబుతోంది. అమెరికాలోని టొలీడోలో ఉన్న ఆ వృత్తివిద్యా కళాశాలలో వెర్నా పని ఇదే: టీచర్ల క్లాసుల్లో వెనక కూర్చోవడం, పిల్లలు ఎందుకు మానేస్తున్నారో ఆ టీచర్లకే వివరించడం. పిల్లలంటే పసివాళ్లేం కాదు. గోదాముల్లో పెట్టెలు మోసి అటునుంచి అటే వచ్చేవాళ్లు, చంటిబిడ్డల తల్లులు. మొదటి విద్యార్థి పేరు పలకడానికి పది నిమిషాలు దాటితే ఆ క్లాసులో కుర్చీలు ఖాళీ అవుతాయని పదకొండేళ్లుగా చెప్పి చెప్పి ఆమె నోరు నొప్పెట్టింది. విన్నవాళ్లు తల ఊపుతారు. సోమవారానికల్లా మరిచిపోతారు.

ఆమెకు అరవై రెండేళ్లు. పొట్టి మనిషి, కళ్లజోడు ఎప్పుడూ మెడలో గొలుసుకు వేలాడుతుంటుంది. ఇరవయ్యో ఏట నర్సింగు చదువు మధ్యలో వదిలేసింది. మూడు వారాలు వెళ్లకపోయినా అక్కడినుంచి ఒక్కరంటే ఒక్కరు ఫోన్ చేసి ఏమైందని అడగలేదు. ఆ మంటతోనే ఇన్నాళ్లూ ఈ ఉద్యోగం చేసింది. ఈ మధ్య అదీ చల్లారుతోంది.

ఆమె మాట చెవిన పెట్టింది లైల్ స్టాకర్ ఒక్కడే. ముప్పై ఏళ్లు ఓడల యార్డులో వెల్డింగు చేసి, చేతులు వణకడం మొదలయ్యాక ఇక్కడ అదే పాఠం చెప్పడానికి వచ్చినవాడు. మొదట్లో తానేమన్నా దాదినా అని ఆమెను కసిరాడు కూడా. ఇప్పుడు గుమ్మంలోనే ఒక్కొక్కరినీ పేరుపెట్టి పలకరిస్తాడు. రానివాళ్లకు తనే ఫోన్ చేస్తాడు. అతని క్లాసు పందొమ్మిది మందిలో ఒక్కరూ జారిపోలేదు. మిగతా టీచర్లు అతన్ని వెర్నా ముద్దుబిడ్డ అని ఆటపట్టిస్తారు.

మధ్యాహ్నం ఆమె హాజరు కాగితాలు ముందేసుకుంది. వరసగా పద్నాలుగు రోజులు రాకపోతే పేరు కొట్టేయాలన్నది అక్కడి నియమం. లైల్ క్లాసులో రోనెట్ అనే అమ్మాయికి ఎన్నో గైర్హాజరుల మధ్య పోయిన గురువారం ఒక్క టిక్కు ఉంది. ఎలా ఉందో కనుక్కుందామని వెర్నా ఫోన్ చేసింది. తల్లికి పక్షవాతం వచ్చిందనీ, సిన్సినాటిలో ఆస్పత్రిలో ఉన్నాననీ, మూడు వారాలుగా అసలు ఊళ్లోనే లేననీ ఆ అమ్మాయి చెప్పింది. అమ్మను జాగ్రత్తగా చూసుకోమని చెప్పి వెర్నా పెట్టేసింది.

వెల్డింగు షెడ్డులో లైల్ ఇనుప పొట్టు ఊడుస్తున్నాడు. ఆమె కాగితం చూపించింది.

“ఈ టిక్కు నువ్వే పెట్టావా?”

“నేనే.” అతను చీపురు గోడకానించాడు. “ఆ వేళకి పదమూడో రోజు. ఇంకొక్క రోజైతే పేరు తీసేస్తారు. ఒకసారి పోయిన పిల్ల మళ్లీ రాదని మీరే గదా చెప్పారు.”

“ఫోన్ చెయ్యమన్నాను. దొంగ హాజరు వెయ్యమన్లేదు.”

“చేశాను. ఏడ్చింది. ఏం చెయ్యను మరి?”

“నా దగ్గరకి రావాల్సింది, లైల్. ఇంట్లో జబ్బులకి సెలవు చీటీ ఉంది. రెండు నిమిషాల పని.”

ఆ చీటీ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది వెర్నానే. పేర్లు పలకమనీ, మనసు పెట్టమనీ నెలల తరబడి పోరింది గానీ ఆ ఒక్క ముక్క చెప్పడం మరిచింది.

“ఇప్పుడైనా ఆ పిల్లకి అది ఇస్తారా?”

“ఇస్తారు. కానీ గురువారం క్లాసుకి వచ్చినట్టుంటే చీటీ చెల్లదు. ఈ టిక్కు దొంగదని, నువ్వే పెట్టావని తేలాలి.”

“అయితే రాసెయ్యండి,” అన్నాడతను, మళ్లీ చీపురు అందుకుంటూ.

దొంగ హాజరు వేసినవాళ్లకు అక్కడ ఉద్యోగం ఉండదు. ఆమె తన గదిలో అరగంట కూర్చుని అతని పేరు మాత్రం రాయగలిగింది. తప్పులో సగం తనదని కూడా రాద్దామనుకుంది, చెయ్యి ఆడలేదు. చివరికి ఆ కాగితమే పట్టుకుని డైరెక్టరు గదికి వెళితే, లైల్ అప్పటికే వచ్చి అంతా చెప్పి, షెడ్డు తాళాలు ఇచ్చేసి వెళ్లిపోయాడని ఆయన అన్నాడు. రోనెట్ పేరు ఉంటుందట. ఆ కాగితం ఇవ్వాల్సిన పని తప్పిందని వెర్నాకు ప్రాణం తేలికపడింది. తేలికపడినందుకు వెంటనే సిగ్గేసింది.

ఇంకో గంటలో లైల్ క్లాసు. అతను ఇక రాడని ఆ పిల్లలకి తనే చెప్పాలి. ఆమె షెడ్డులోకి వెళ్లి లైట్లు వేసింది. నేల శుభ్రంగా ఉంది. అతని బల్ల మీద నిప్పురవ్వలు పడి చిల్లులైన కాగితం ఒకటి ఉంది. దాని నిండా వణికిన అక్షరాలతో పేర్లు, ప్రతి పేరు పక్కనా ఒక మాట. ‘మాటియో: మూడు దాటాకే ఫోన్ ఎత్తుతాడు.’ ‘డెనిస్: బిడ్డ పడుకునే వేళ చెయ్యొద్దు.’ ‘రోనెట్: ఏడుస్తుంది, పెట్టెయ్యొద్దు.’ ఇరవయ్యో పేరు తనది. ఆమె ఎవరితోనూ చెప్పుకోని సంగతి, ఆ చిల్లుల మధ్య, పెన్సిలుతో రాసి ఉంది: ‘వెర్నా: మోకాలు నొప్పి. వెనక ఎత్తు కుర్చీ వెయ్యాలి.’