బెంచీ మీది పెద్దమనిషి

బస్సు రాత్రంతా నడిచి తెల్లవారి పారిస్‌లో దింపేసరికి అందులోని చెక్ వాళ్ళందరి నడుములూ పట్టేశాయి. ఒటాకర్ ఒక్కడే పెళ్ళికొడుకులా దిగాడు. ఇస్త్రీ చొక్కా సంచిలో దాచుకొచ్చి, తెల్లవారుజామున బస్సులోనే మార్చుకున్నాడు మరి!

కమ్యూనిస్టు పాలన పోయి, దేశం సరిహద్దులు తెరిచి రెండేళ్ళు కూడా కాలేదు. అంతకు ముందు పారిస్ వెళతానంటే వింతగా చూసేవారు, పైగా ఎవరో ఒకరు పైవాళ్ళకు చెప్పేవారు. ఒటాకర్ మొరావియాలోని ఓ చిన్న ఊళ్ళో బడిపిల్లలకు రష్యన్ చెబుతూ, ఇంటికొచ్చి ముప్ఫై ఏళ్ళు ఫ్రెంచి చదువుకున్నాడు. చదివించింది భార్య బ్లాజెనా. పొయ్యి దగ్గర ఒక చేత్తో గరిటె, మరో చేత్తో నిఘంటువు పట్టుకుని మాటలు అడిగేది. మొదట్లో అతను ప్రతిదానికీ ‘తెలియదు’ అని ఫ్రెంచిలో గొణిగేవాడు. ఆమెకు బాగా వచ్చిన ఫ్రెంచి మాట అదొక్కటే.

పొద్దున ఊరు చూస్తున్నంతసేపూ ఒటాకర్ కాలు నేల మీద నిలవలేదు. ప్రతి వంతెన దగ్గరా ఆగి దాని పేరు చెప్పాడు. ప్రతి బోర్డూ చదివి అర్థం చెప్పాడు.

“ఏమోయ్ మేష్టారూ, ఇంత తెలిసినవాడివి, ఇక్కడే పుట్టక మా ఊళ్ళో ఎందుకు పుట్టావు?” అంది బ్లాజెనా. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి, సంతోషంతోనే. “చూశావు కదా, నీ పారిస్. ఇక నాకు బెంగలేదు.”

మధ్యాహ్నం అందరూ ఒక పెద్ద తోటలో ఆగారు. అక్కడే వచ్చింది చిక్కు.

ప్రయాణమంటే చెక్ ఇల్లాలు ముందు మూకుడు పొయ్యి మీద పెడుతుంది. పంది మాంసాన్ని పలచగా కొట్టి, గుడ్డులోనూ రొట్టెపొడిలోనూ ముంచి వేయించి, రొట్టెముక్కల మధ్య పెట్టి మూట కడుతుంది. ఆ మూట లేకుండా పొరుగూరు కూడా వెళ్ళరు, ఇక పారిస్ మాట చెప్పాలా? పూలమళ్ళ పక్కన పచ్చిక మీద తువ్వాళ్ళు పరిచారు. డబ్బాలు తెరిచారు. ఊరవేసిన దోసకాయల సీసాలు చేతులు మారాయి. ఎవరో బూట్లు కూడా విప్పేశారు. వేపుడు వాసన తోటంతా పరుచుకుంది.

దారిన పోయేవాళ్ళు తల తిప్పి చూస్తుంటే ఒటాకర్‌కు తల కొట్టేసినట్టయింది. ముప్ఫై ఏళ్ళు ఎదురుచూసి వచ్చింది ఇలా కనబడడానికా? “కాళ్ళు సాగదీసుకొస్తా” అని గొణిగి, కాస్త దూరంగా ఉన్న బెంచీ మీద కూర్చున్నాడు. పక్కన తెల్లజుట్టు ఫ్రెంచావిడ ఒకామె ఎండ కాగుతోంది. వాతావరణం గురించి ఒక మాట కలిపాడు. ఆమె బదులిచ్చింది. అతను మళ్ళీ అన్నాడు. ఆమె నవ్వింది కూడా! తన ఫ్రెంచి నిజంగా పనిచేస్తోంది!

“మీ మాట ఎంత స్వచ్ఛంగా ఉందో. బెల్జియం నుంచి వచ్చారా?” అంది ఆమె.

కాదనడానికి ఎంతసేపు పడుతుంది? ఒటాకర్ అవునన్నాడు.

“అదిగో, ఆ వచ్చినవాళ్ళు ఎక్కడివాళ్ళంటారు?” అంది ఆమె, పచ్చిక మీది గుంపుకేసి వేలు చూపిస్తూ.

“తెలియదు,” అన్నాడు ఒటాకర్.

అప్పటికే బ్లాజెనా అతని వాటా కాగితంలో పట్టుకుని బెంచీ ముందుకు వచ్చేసింది. అతని పళ్ళు గట్టివి కావు, అందుకని రొట్టె అంచులన్నీ కోసి తీసేసింది. ‘తెలియదు’ అన్న మాట ఆమె చెవిన పడింది. ఎవరి గురించో కూడా అర్థమైంది.

అయినా చెయ్యి చాపింది. బహుశా అతనికి ఇంకో అవకాశం ఇచ్చిందేమో.

ఒటాకర్ ఆమె ముఖం చూడలేదు. “వద్దండీ, థాంక్స్” అన్నాడు ఫ్రెంచిలో, మర్యాదగా.

 బ్లాజెనా ఆ రొట్టెను ఫ్రెంచావిడ ముందుకు చాపింది. ఆవిడ మొహమాటపడుతూనే అందుకుని కొరికింది, కళ్ళు పెద్దవి చేసింది, రెండో ముక్క కూడా తినేసింది.

“ఈమధ్య ఇంత మంచి తిండి తినలేదు! వద్దన్నారేం, మీకు తెలియదు ఏం పోగొట్టుకున్నారో!” అని అతనితో అని, బ్లాజెనా చేతి ఉంగరాన్ని తాకి, మీ ఆయనెక్కడ అన్నట్టు సైగ చేసింది.

బ్లాజెనా ఒటాకర్ వైపు ఒక్కసారి చూసింది. ఆ తరవాత రెండు అరచేతులూ విప్పి ఖాళీగా చూపించింది.

“అయ్యో, భర్త లేడట,” అంది ఫ్రెంచావిడ గొంతు తగ్గించి.

“పాపం,” అన్నాడు ఒటాకర్.

ఆ మాట తన నోటినుంచే వచ్చిందని తెలిసి అతని ఒళ్ళంతా చెమట పట్టింది. ఇప్పుడైనా లేచి ఆమె చెయ్యి పట్టుకోవచ్చు. లేవలేదు. బ్లాజెనా ఖాళీ కాగితం మడుచుకుని వెళ్ళిపోయింది. ఆ తరవాత ఫ్రెంచావిడ ఏమడిగినా అతను తల మాత్రం ఊపాడు.

“ఒటాకర్ మేష్టారూ!” గైడు పిల్ల యార్మిలా తోటంతా వినబడేలా చెక్‌లో కేకేసింది. “మిమ్మల్నే! మీ ఆవిడ ఎక్కేస్తోంది, బస్సు బయల్దేరుతోంది! రండి!”

పేరు ఏ భాషలోనైనా పేరే. ఆ పేరు పలికిన పిల్ల వేలు అతనివైపే ఉంది, రెండో చెయ్యి బ్లాజెనా భుజం మీద ఉంది. ఫ్రెంచావిడ వేలి వంక చూసింది, అతని ఉంగరం వంక చూసింది. లేచి, కర్ర పొడుచుకుంటూ అతని వెనకే బస్సు దాకా వచ్చి బ్లాజెనా చేతులు రెండూ పట్టుకుంది.

“మీకు ఆమె భాష వచ్చుగా,” అంది ఒటాకర్‌తో, అతనికేసి తిరగకుండానే. “ఆమె భర్త పోయాడనుకున్నాను. నన్ను క్షమించమని చెప్పండి.”

ముప్ఫై ఏళ్ళ చదువులో ఎదుటి మనిషికి అతను చేసి పెట్టాల్సిన మొదటి అనువాదం ఇది. బస్సు కిటికీల్లోంచి అందరూ చూస్తున్నారు.

“నీ భర్త పోయాడనుకుందట,” అన్నాడు నేల చూస్తూ. “క్షమించమంటోంది.”

“ఆవిడెందుకు అడగాలి?” అంది బ్లాజెనా. “ఆవిడ తప్పేముంది?”

బ్లాజెనా ఫ్రెంచావిడ బుగ్గ మీద ముద్దు పెట్టి బస్సెక్కేసింది. ఆ జవాబు కూడా చెబుతాడని ఫ్రెంచావిడ ఒటాకర్ నోటి వంక చూస్తూ నిలబడే ఉంది.