జంటకోతికి ఊఁ కొట్టిన మనిషి

రోజూ పొద్దున్నే ఏడింటికి టూరు బస్సు డ్రైవరు తలలు లెక్కపెట్టేవాడు. పధ్నాలుగు రాగానే "అందరూ ఎక్కేశారు, రైట్" అని తలుపు వేసేసేవాడు. వచ్చింది మాత్రం పదిహేనుమంది. ఆ పదిహేనో మనిషి కిటికీ పక్కన కూర్చునే ఉండేది, పాపం. చెయ్యెత్తి "బాబూ, నేనూ ఉన్నాను" అనడానికి మొహమాటం. ఎలాగూ ఎక్కాను కదా, లెక్కలో లేకపోతే ఏం కొంప మునిగింది అనుకునేది.

ఆవిడ ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతుంది. అక్కడ అందరికీ ప్రూఫులక్కయ్య. ముప్ఫై ఏళ్ళు ఒకావిడ రాతప్రతి పైకి చదువుతుంటే, అక్కయ్య అచ్చుకాగితం మీద వేలు పెట్టుకుని వాక్యం వాక్యానికీ "ఊఁ" అనేది. ఊఁ అంటే సరిపోయింది, ముందుకు పద అని. ఆ చదివే ఆవిడ కిందటేడు పోయింది. ఆఫీసువాళ్ళు ఇంకో మనిషిని పెట్టలేదు, కంప్యూటరు పెట్టారు. కంప్యూటరుకి ఎవరు ఊఁ కొడతారు చెప్పండి! ఈ అయిదు రోజుల కోతుల టూరుకి ఇద్దరికని టిక్కెట్లు తీసుకుంది. తీరా బయల్దేరే ముందు చెల్లెలు ఫోన్ చేసి, "అక్కా, ఈసారికి నువ్వు వెళ్ళొచ్చెయ్, ఫొటోలు పంపు" అనేసింది.

బస వెనక నుంచే అడవి మొదలు. కోతుల్ని చూపించే పెద్దాయన మెడలో స్నానానికి వెళ్ళినా బైనాక్యులర్లు వేలాడుతుండేవి. అందుకని అందరికీ బైనాక్యులర్ బాబాయ్. మొదటిరోజే అందరినీ నిలబెట్టి పాఠం చెప్పాడు.

"మొహం కాదు, తోక చూడండి. తోకతో కొమ్మ పట్టుకుని వేలాడితే సాలీడు కోతి. నెత్తిన నల్లటోపీ ఉంటే టోపీ కోతి. మైలు దూరం నుంచి మీ మామగారు తిడుతున్నట్టు వినబడితే అరుపు కోతి. కనపడీ కనపడకుండా ఓ పాతిక దూకాయంటే ఉడుత కోతులు, వాటిని లెక్కపెట్టడం మా తాత వల్ల కూడా కాలేదు. ఇక రెండు పక్కపక్కన కూర్చుని తోకలు జడలా పెనవేసుకున్నాయా, అవి జంటకోతులు."

చూసినవాటిని పెద్ద పుస్తకంలో గడులవారీగా రాయాలి. ఒకరు చూడాలి, ఇంకొకరు అవుననాలి. సీజను ముగిసేలోగా పుస్తకంలోకి ఎక్కని జాతి మరుసటేటికి ఉండదు. మూడేళ్ళ కిందట బాబాయికి టైఫాయిడ్ వచ్చి తెల్లమీసం కోతుల్ని రాయలేకపోయాడు. అవి తోక చివర్నించి మసకేసుకుంటూ వచ్చి, వానాకాలానికి పూర్తిగా పోయాయి. అలాగని లేనిది ఉన్నట్టు రాద్దామంటే సిరా అంటదు, జారిపోతుంది. ఇందుకు ఎవరూ వింతపడలేదు. ఒకాయన మాత్రం "పెన్సిలుతో రాసినా అంతేనా?" అని అడిగాడు. అంతే అన్నాడు బాబాయ్.

నాలుగు రోజుల్లో నాలుగు గడులు నిండాయి. జంటకోతుల గడి ఖాళీగా ఉండిపోయింది. ఆ జాతిలో మిగిలింది ఒక్కటే, వరండా పక్క చెట్టు మీద. దాని జత చలికాలంలో పోయింది. మర్నాడు పొద్దున ఏడింటికి సీజను ఆఖరు, పుస్తకం కూడా తిరిగెళ్ళే టూరు బస్సులోనే పట్నం వెళ్ళిపోతుంది.

"ఒకటి అని రాసేస్తే పోలా?" అంది అక్కయ్య, సాయంత్రం టీ తాగుతూ.

"రాశానమ్మా. అంటలేదు. గడిలో 'జతలు' అని అచ్చు వేసుంది. ఒంటరి జంటకోతి అనేది ఉండదట."

అక్కయ్యకి కోపం ముంచుకొచ్చింది. "అచ్చు వేసినవాళ్ళకి తెలియక్కర్లేదూ, జత పోయాక కూడా ఒకరు మిగులుతారని? మిగిలినవాళ్ళు ఏ గడిలోకి పోతారు?"

చెట్టు మీద కోతి తోక చివర జానెడు మసకేసి, వెనకున్న ఆకులు కనపడుతున్నాయి. అక్కయ్య చిటికెనవేలి గోట్లోంచి కప్పు మీది పువ్వు కూడా కనపడుతోంది. బాబాయ్ చూడనే చూశాడు.

"ఎన్నాళ్ళ నుంచమ్మా?"

"కిందటేటి నుంచి."

"మా ఆవిడ పోయినప్పుడు నాకు మోకాలు ఇలాగే మసకేసి పోయింది. తర్వాత వచ్చిందిలెండి, నొప్పితో సహా."

ఆ కోతి రోజూ తెల్లవారుతూనే పాడేది. జంటకోతులు పాటని పంచుకుంటాయి, సగం ఒకటి, సగం ఇంకొకటి. ఇది తన సగం పాడి ఆగేది. చెవులు రిక్కించేది. జవాబు రాకపోతే మళ్ళీ మొదటికొచ్చేది. మొదటి పొద్దున ఆ ఖాళీలో అక్కయ్య నోట్లోంచి తెలియకుండానే "ఊఁ" అని వచ్చేసింది. ముప్ఫై ఏళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? కోతి తల తిప్పి చూసింది. మర్నాడు కింది కొమ్మకి దిగింది. నాలుగోనాటికి వరండా పిట్టగోడ చివరికి వచ్చింది.

ఆఖరి పొద్దున అక్కయ్య జడ వేసుకుని, సంచీ సర్దుకుని, కుర్చీ పిట్టగోడ దగ్గరికి లాక్కుని కూర్చుంది. కోతి పాడింది. "ఊఁ." ఆగకుండా తర్వాతి ముక్క అందుకుంది. "ఊఁ." చదివే ఆవిడ పోయినరోజు కూడా ఆఫీసులో ప్రూఫులు దిద్దుతూ కూర్చున్న మనిషి, ఇప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే ఊఁ కొట్టింది. వెనక జడ కదిలినట్టయింది. తిరిగి చూడలేదు.

ఏడవుతుండగా బాబాయ్ పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చి, అక్కడే ఆగిపోయాడు. పిట్టగోడ మీద కోతి, పక్కన కుర్చీలో అక్కయ్య, ఇద్దరి మొహాలూ అడవివైపు. మధ్యలో తోకా జడా మూడు మెలికలు పెనవేసుకుని ఉన్నాయి.

అయిదడుగుల దూరంలో ఉన్నా అలవాటుకొద్దీ బైనాక్యులర్లు ఎత్తి చూశాడు. పెన్ను తీసి జతల గడిలో ఒకటి వేశాడు. ఊదాడు. వేలితో రుద్దాడు. చెరగలేదు.

"ఒక జత! ఎవరైనా అవుననండయ్యా!"

పుస్తకం కోసం వచ్చిన డ్రైవరు మెట్ల మీద ఉన్నాడు. కోతిని చూశాడు, తర్వాత అక్కయ్యని చూశాడు, అయిదు రోజుల్లో మొదటిసారి.

"అవును," అన్నాడు. "సంచీ ఎక్కించమంటారా అక్కయ్యగారూ?"

"మీరు వెళ్ళండి బాబూ. నేను లేస్తే జడ ఊడిపోతుంది."

డ్రైవరు పుస్తకం తీసుకుని బస్సెక్కి తలలు లెక్కపెట్టాడు. పధ్నాలుగు. రోజూ ఆ అంకె దగ్గరే తలుపు వేసేవాడు. ఇవాళ తలుపు మీద చెయ్యి వేసి ఆగిపోయాడు. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. పధ్నాలుగే.

"ఒకరు తక్కువ," అన్నాడు.

"ఎవరండీ?" అన్నారు ముందు సీటువాళ్ళు.

"కిటికీ పక్కన కూర్చునే అక్కయ్యగారు."

అందరూ వరండావైపు తిరిగారు. అక్కయ్య చెయ్యెత్తింది. చిటికెనవేలి గోటితో సహా అయిదు వేళ్ళూ బస్సులోంచి స్పష్టంగా కనిపించాయి.